పన్నెండు గంటల వార్తల్లో అమ్మ పేరు

"కార్డు యాడ పెట్టినావని అడుగుతాండా. సెప్పవేమే? నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?"

ఎల్లప్ప ఇనుప పెట్టెలో ఉన్నదంతా బండల మీద కుమ్మరించాడు. ఒక పట్టుచీర, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, వీణ పదో తరగతి మార్కుల కాగితం, ఎవరిదో పాత పెళ్లి పత్రిక బయటపడ్డాయి. అన్నీ ఉన్నాయి, హులిగమ్మ ఆధార్ కార్డు మాత్రం లేదు.

హులిగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నిన్న మధ్యాహ్నం పన్నెండు దాటినప్పటి నుంచి ఆమె కూర్చున్న చోటు అదే. ఎదురుగా టీవీ ఉంది. దాన్ని ఆపేసి ఇరవై నాలుగు గంటలు దాటినా ఆమె చూపు అటువైపే ఉంది.

వీణ ఈ పొద్దున హైదరాబాదు నుంచి బస్సులో వచ్చి ఎమ్మిగనూరులో దిగింది. ఆటో ఎక్కడానికి కాళ్లు రాలేదు. నాలుగు కిలోమీటర్లు నడిచే ఊరు చేరింది. గడప దాటగానే తల్లిని గట్టిగా వాటేసుకుని బావురుమంది. తల్లి ఏడవలేదు. కూతుర్ని దగ్గరికి తీసుకోలేదు. రెండు చేతులూ ఒళ్లోనే పెట్టుకుని ఊరుకుంది. అప్పటి నుంచి వీణకు ఏదీ అర్థం కావడం లేదు.

నిన్న ఉరుకుంద జాతర నుంచి, బస్సు దొరకనివాళ్లను ఎక్కించుకుని వస్తున్న ఆటో ఒకటి కల్వర్టు దగ్గర బోల్తా పడి ఒక ఆడమనిషి చనిపోయింది. ఆమె చేతిసంచిలో దొరికిన కార్డు మీది పేరును ఆదోని విలేకరి ఏసన్న ఛానెల్‌కు పంపాడు. అదే సమయానికి వీణ, జీవితంలో మొట్టమొదటిసారి, పన్నెండు గంటల పెద్ద బులెటిన్ చదువుతోంది. ఎదుటి తెర మీద అక్షరాలు పైకి జరుగుతూ ఉంటాయి, యాంకర్ వాటి వెంట పరుగెత్తాలి. "ఎమ్మిగనూరు ప్రాంతానికి చెందిన హులిగమ్మ, నలభై ఎనిమిదేళ్లు, అక్కడికక్కడే మృతి చెందారు" అని చదివింది. ఆ వెంటనే ఉల్లి ధర చదివింది. గంట తర్వాత బయటికొచ్చి ఫోను తీసి చూస్తే, ఊరి నుంచి ముప్ఫై ఒక్క మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

ఇక్కడ ఊళ్లో పక్కింటి హుసేనమ్మ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్న హులిగమ్మను చూసి కెవ్వుమని అరిచి కూలబడిపోయిందట. తర్వాత ఊరంతా నవ్వుకుంది. ఈ దిక్కున వీధికో హులిగమ్మ దొరుకుతుంది, ఎవరో పాపం అనుకున్నారు. ఈ పొద్దున పోలీసులు ఫోను చేసేదాకా ఆ నవ్వు నడిచింది. సంచిలో దొరికిన కార్డు మీ ఇంటిదేనని వాళ్లన్నారు. మా కార్డు మా పెట్టెలో భద్రంగా ఉందని ఎల్లప్ప రొమ్ము విరుచుకుని చెప్పాడు. చెప్పినవాడు తర్వాత పెట్టె తెరిచాడు.

"అమ్మా, ఎక్కడైనా పడిపోయిందా? ఎవరికైనా ఇచ్చావా?" అంది వీణ.

హులిగమ్మ పెదవులు కదిలాయి.

"రామికి ఇస్తిని."

ఎల్లప్ప చేతిలోని పట్టుచీర జారిపోయింది. రామి అంటే రామమ్మ, హులిగమ్మ సొంత చెల్లెలు. కర్ణాటకలో సిరుగుప్ప దిక్కున ఒక పల్లెకు కోడలిగా పోయింది. అక్కతో కలిసి జాతరకు పోదామని ఆదివారమే ఇక్కడికి వచ్చింది.

"రామమ్మ గుడికాడి నుంచి అట్లే వాళ్ల ఊరికి పోయిందంటివి గదా నువ్వు?"

"అంటి."

"మరి?"

"ఊరికే అంటి."

ఎల్లప్ప గోడ పట్టుకుని కూర్చున్నాడు. తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఆయమ్మ కార్డు కర్ణాటకది, ఈడ బస్సులో సెల్లదు," హులిగమ్మ టీవీతోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయింది. "మన ఆడోళ్లకైతే టికెట్టు లేదు. నాది తీసుకోని పో అంటి. 'ఆ పోటోలో ఉండేది నువ్వో నేనో కండక్టరుకు యాడ తెలుస్తాదక్కా' అని నవ్వె."

"అంటే నిన్న పన్నెండు గంటలకే నీకు తెలుసు," అన్నాడు ఎల్లప్ప.

"తెలుసు."

"నేను ఊరంతా తిరిగి నా పెండ్లాం బతికుండాదని నవ్వుకుంట సెప్తాంటే, నీకు తెలుసు."

"తెలుసు. సెప్తే అయిపోతాది గదా. సెప్పకుంటే ఇంకా కాలేదేమో అనుకుంటి."

వీణ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు సెలవులకు పోతే చిన్నమ్మ జొన్నరొట్టెలు కాలుస్తూ, మొదటి రొట్టె ఎప్పుడూ తనకే ఇచ్చేది. ఆ మనిషి ఇప్పుడు ఆదోనిలో శవాల గదిలో, అక్క పేరు రాసిన చీటీ కింద పడుకుని ఉంది. ఏడవాలని ఉంది. తల్లి బతికిందని ఏడ్చిన ఏడుపు ఇంకా ఆరనే లేదు, ఇది దేనికో తెలియలేదు.

ఎల్లప్ప ఉన్నట్టుండి లేచాడు.

"ఇట్ల సేద్దాం. నెల దినాల కిందటే కార్డు పోయిందని సెప్దాం."

"పోతే రామి సేతికి ఎట్లా వచ్చె?" అంది హులిగమ్మ.

"దొరికిందేమో. ఎత్తుకుందేమో. మనకేం తెలుసు? సచ్చినోళ్ల మీద ఎవురు కేసు పెడతారు? నీ మీద పెడతారే, బతికుండే నీ మీద!"

"నా సెల్లెల్ని దొంగను సేస్తావా?"

ఎల్లప్ప ముఖం తిప్పుకున్నాడు. చెడ్డవాడేం కాదు ఎల్లప్ప. మరదలు వస్తే కోడి కోయనిదే పంపేవాడు కాదు. కానీ ఈ వయసు దాకా పోలీసు స్టేషను మెట్టు ఎక్కని మనిషి, భయంతో ఏదో ఒకటి అనేశాడు. అన్న మాటను వెనక్కి తీసుకోవడం మాత్రం చేతకాలేదు.

"అసలు నువ్వెందుకు పోలేదమ్మా? మొక్కు నీదే కదా?" అంది వీణ.

ఆ మొక్కు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. వీణకు టీవీలో ఉద్యోగం దొరికితే శ్రావణమాసం మూడో సోమవారం ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి వచ్చి కొబ్బరికాయ కొడతానని హులిగమ్మ మొక్కుకుంది. కొడతానన్నది ఆమె. కొట్టింది రామమ్మ.

హులిగమ్మ మొదటిసారి టీవీ మీద నుంచి చూపు తిప్పి కూతుర్ని చూసింది.

"ఆదివారం ఫోను సేసి ఏమంటివి నువ్వు? 'అమ్మా, రేపు పన్నెండుకి పెద్ద వార్తలు నావే, సూడు' అంటివి. మొక్కుకు పోతే నిన్ను సూసేకి కాదు. నిన్ను సూస్తే మొక్కు తప్పుతాది. రామినే అనె, 'నీ మాదిరి నేను పోతాను లేక్కా. స్వామికాడ నీ పేరే సెప్తా. నువ్వు ఇంట్లో కూసోని బిడ్డను సూస్కో' అని. నేను ఈడ్నే కూసోని సూస్తాంటి. నువ్వు నా పేరు సదివితివి."

హులిగమ్మ కళ్లు కూతురి ముఖం మీదే ఉన్నాయి.

"నా పేరుకాడ ఆగినావు నువ్వు."

"ఏంటమ్మా?"

"ఆగినావు. రెప్ప కొట్టినంత సేపు. ఆ మీదట ఉల్లిగడ్డల రేటు సదివినావు. నేనేనని తెలిసి సదివితివా, తెలీక సదివితివా? అదొకటి సెప్పు నాకు."

చెప్పాలనే వీణకూ ఉంది. తెలిస్తే కదా చెప్పడానికి! ఆ ముక్క వీడియోను ఆమె బస్సులో నలభైసార్లు చూసుకుంది. తల్లి చెప్పింది నిజం. పేరు పలికాక అర క్షణం ఆగింది. తెర మీద అక్షరాలు తట్టుకుని ఆగాయా? తన మనసే తట్టుకుందా? హులిగమ్మలు వంద మంది ఉంటారులే అని తనకు తాను చెప్పుకుని ముందుకు పోయిందా, లేక ఏమీ అనుకోకుండానే పోయిందా? వీడియోలో ఉన్న అమ్మాయి ఎవరో పరాయిదానిలా అనిపించింది. బొట్టు చక్కగా ఉంది, జుట్టు చక్కగా ఉంది. ఆమెనే అడిగి తెలుసుకోవాలి, ఎందుకు ఆగావని.

"తెలీదమ్మా. ఒట్టు, నాకు తెలీదు."

హులిగమ్మ మళ్లీ టీవీ వైపు తిరిగింది.

ఫోను మోగింది. న్యూస్ డెస్కు పెద్ద మంజుల.

"వీణా! అమ్మ బతికే ఉన్నారట కదా, ఏసన్న చెప్పాడు. ఎంత మంచి వార్త! నాలుగింటికి లైవ్. నువ్వు, అమ్మ, పక్కపక్కనే కూర్చోండి. నీ క్లిప్ రాష్ట్రమంతా తిరుగుతోంది తెలుసా? తల్లి చావు చదివి కూడా చలించని యాంకర్ అని సగం మంది మెచ్చుకుంటున్నారు, సగం మంది రాయి అని తిడుతున్నారు. తిట్టేవాళ్ల నోళ్లు ఇవాళ మూయిద్దాం."

"మేడం, చనిపోయినావిడ ఎవరంటే..."

"ఎవరో కార్డు కొట్టేసిన మనిషి, అంతే కదా. స్క్రిప్ట్‌లో రాయించాను. ఉన్నది ఉన్నట్టు చదువు, చివర్లో అమ్మను పట్టుకుని కాస్త ఏడువు. రేపటి నుంచి పన్నెండు గంటల బులెటిన్ నీకే ఉంటుంది. చదవనంటే మాత్రం నేనేం చేయలేను. తప్పుడు వార్త ఎవరు చదివారని పైవాళ్లు అడిగితే కనపడేది నీ ముఖమే."

ఫోను పెట్టేసిన మరుక్షణం స్క్రిప్ట్ వచ్చి పడింది. 'మా అమ్మ పేరుతో ప్రయాణించిన ఆ దొంగ ఎవరు?' అన్నది మొదటి వాక్యం. కార్డు ఎలా చేతులు మారిందో డెస్కులో ఎవరికీ తెలియదు. తెలియని చోట దొంగ అని రాసేశారు. వీణ కూడా అలాంటి వాక్యాలు ఎన్ని చదవలేదు!

"ఏం రాసినారు?" అంది హులిగమ్మ. ఆమెకు చదువు రాదు.

వీణ చదివి వినిపించింది. తను చెప్పిన మాటా, ఛానెల్ పంపిన మాటా ఒకటే కావడం ఎల్లప్పకు ఊరటగా తోచినట్టుంది.

"సూస్తివా? వాళ్లు సదువుకున్నోళ్లు, వాళ్లూ అదే అంటాండారు. సదువు పాపా. నీ పనీ నిలుస్తాది, మీయమ్మకూ ఏం కాదు."

హులిగమ్మ చూపు టీవీ మీద నుంచి కదలలేదు. అవునందో కాదందో ఎవరికీ తెలియలేదు.

అంతలో బయట మోటార్ సైకిల్ ఆగింది.

"వదినా! సచ్చిపోయినావంటనే!"

శేషప్ప వచ్చాడు. రామమ్మ మొగుడు. దుమ్ము కొట్టుకున్న ముఖంతో, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ గడపలో నిలబడ్డాడు.

"పొద్దున మా ఊర్లో ఎవురో ఫోన్లో సూపించిరి. నాకు కాళ్లు సేతులు ఆడలేదు. బండేసుకోని వస్తాంటే దోవలో ఇంకొకడు ఫోను సేసి, ఆయమ్మ బతికే ఉండాదప్పా అనె. నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు. ఇంత దూరం వచ్చినా గదా, రామిని తోలుకోని పోదామని వచ్చినా. యాడుండాది? నిన్నటి నుంచి ఫోనెత్తదు. సార్జింగు పెట్టుకునే బుద్ధి యా పొద్దూ లేదు దానికి."

"గుడికాడ... ఉంటాదిలేప్పా," అన్నాడు ఎల్లప్ప. "జనం జాస్తిగా ఉండారు గదా."

"ఇంగా గుడికాడనే? దానికి భక్తి ఎక్కువాయలే!" శేషప్ప అరుగు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడు హులిగమ్మ లేచింది. నిన్నటి నుంచి లేవని మనిషి లేచి, వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించింది. గ్లాసులో చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేసింది. రామమ్మ అట్లాగే ఇచ్చేది అతనికి. టీ తెచ్చి మరిది చేతికిచ్చి, అతని కాళ్ల దగ్గరే నేల మీద కూర్చుంది.

"సచ్చినామె సేతి టీ తాగిన మొగోణ్ని నేనొక్కణ్నే," అని శేషప్ప నవ్వాడు.

ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది వీణ. రోజూ ఎంతమంది చావులో చెబుతుంది తను. ఇది ఒక్క మనిషికి చెప్పాల్సిన ఒక్క ముక్క.

"చిన్నాయనా."

"ఏం పాపా?"

ఎదుట ఏ అక్షరాలూ కదలడం లేదు. శేషప్ప మీసం మీద టీ నురుగు అంటుకుని ఉంది.

"చక్కెర... సరిపోయిందా?"

"శానా బాగుండాది. అట్ల సిక్కిపోయినావేమి నువ్వు? తిండి పెట్టరా ఆడ?"

వీణ లోపలికి పోయి తలుపు చాటున నిలబడి నోట్లో చెంగు కుక్కుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడున్నరకు ఏసన్న కెమెరా సంచితో దిగాడు. ఊరి పిల్లలు, ముసలివాళ్లు గోడ వెంబడి గుమిగూడారు. ఏసన్న అరుగు ముందు రెండు కుర్చీలు వేయించి, కెమెరా నిలబెట్టి, మైకు తీస్తూ హులిగమ్మ ముఖం చూశాడు. మైకు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది. వీణను పక్కకు పిలిచాడు.

"మేడం, నిన్న ఆ శవాన్ని నేను సూసినాను. కార్డు మీద పోటోతో పోల్చుకోని మరీ పేరు పంపినాను. సరింగా పంపినానని రాత్రంతా నాకు నేనే సెప్పుకుంటి. ఇప్పుడు మీయమ్మను సూస్తాంటే..." అతను గొంతు తగ్గించాడు. "అదే మొగం మేడం. అదే ముక్కు. ఎవురామె?"

"మా చిన్నమ్మ."

ఏసన్న అరుగు వైపు చూశాడు. "మరి ఆయప్ప?"

"చిన్నమ్మ భర్త. ఇంకా చెప్పలేదు."

ఏసన్న వేళ్లతో నుదురు రుద్దుకున్నాడు. "స్క్రిప్టులో దొంగ అని ఉండాది మేడం. సదివితే ఆయప్ప ముందరే సదవాల."

"తెలుసు."

"ఆపేద్దామా?"

లైవ్ ఆపేస్తే మంజుల ఆ నాలుగు వాక్యాలనే ఇంకో యాంకర్ చేత చదివిస్తుంది. చదివితే చిన్నమ్మ దొంగ అవుతుంది. నిజం చెబితే రేపు పోలీసులు అమ్మను పిలుస్తారు, తనకు ఉద్యోగం ఉండదు. ఏ దారి పట్టినా ఎవరో ఒకరు పోతారు, తను మాత్రం కుర్చీలో చక్కగా కూర్చుని ఉంటుంది.

చెవిలో పెట్టుకున్న తీగలోంచి మంజుల గొంతు వినిపించింది. "వీణా, ఇంకో నిమిషం. కొంగు సరిచేసుకో. అమ్మను దగ్గరగా కూర్చోబెట్టు."

తల్లీ కూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు. ఏసన్న వీణ ఫోనును కెమెరా కిందే నిలబెట్టాడు. స్క్రిప్ట్ స్పష్టంగా కనబడుతోంది. కెమెరా వెనకాల శేషప్ప జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుంటున్నాడు.

"నేనూ కనపడతానా పాపా? రామికి సూపిస్తా మళ్ల."

గోడ వెంబడి ఉన్నవాళ్లు నవ్వారు. ఎల్లప్ప ఇంట్లోకి వెళ్లిపోయాడు.

"ఐదు, నాలుగు, మూడు..." మంజుల లెక్కపెట్టింది.

కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది.

"నమస్తే. ఎమ్మిగనూరు నుంచి నేను మీ వీణ," గొంతు ఎప్పటిలాగే చక్కగా పలికింది. "నిన్న మధ్యాహ్నం ఇదే ఛానెల్‌లో నేను ఒక మరణవార్త చదివాను. అందులో ఉన్నది మా అమ్మ పేరు. మా అమ్మ క్షేమంగా నా పక్కనే ఉంది."

"బాగుంది, కొనసాగించు," అంది చెవిలో గొంతు. "మా అమ్మ పేరుతో... చదువు."

వీణ ఆగింది.

అక్షరాలు ఎదురుగానే ఉన్నాయి, చెదరలేదు. వాటికి పైన గాజు కన్ను, గాజు కన్ను వెనకాల దువ్వెన పట్టుకుని శేషప్ప.

"వీణా, ఏమైంది? చదువు!"

శేషప్ప నోరు తెరిచి, పిల్లవాడిలా, అందరికీ వినబడేలా అడిగేశాడు. "అవునూ, మళ్ల ఆ సచ్చినామె ఎవురు పాపా? సదివింది నువ్వే గదా, నీకే తెలియాల."

చెవిలో ఎవరో, అతన్ని అక్కడి నుంచి పంపించండి అని అరుస్తున్నారు. వీణ మోకాలి మీద ఒక చెయ్యి పడింది. పొద్దున్నుంచి ఆమెను తాకని చెయ్యి అది.

"ఆగొద్దు వీణా," అంది హులిగమ్మ. "సెప్పు. కార్డు నేనిస్తినని కూడా సెప్పు."

నిన్న ఆ అర క్షణం ఎందుకు ఆగిందో వీణకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు ఎందుకు ఆగిందో మాత్రం తెలుసు. చెవిలోని తీగ లాగేసి ఒళ్లో వేసుకుంది. కెమెరాను వదిలి దాని వెనకాల ఉన్న మనిషి ముఖంలోకి చూసింది. ఆరు నెలలు శిక్షణ ఇచ్చి ఛానెల్‌వాళ్లు మాన్పించిన ఊరి యాస, అడగకుండానే నాలుక మీదికి వచ్చేసింది.

"సిన్నాయనా, నా దగ్గరికి రా. ఈడ కూసో. ఆ కార్డు ఎవురూ దొంగతనం సేయలేదు."

శేషప్ప దువ్వెన జేబులో పెట్టుకుని, కెమెరా ముందుకు వచ్చి నిలబడ్డాడు. టీవీలో కనబడుతున్నానని అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.